పడవలో నొక్కిన అంకెలు

రండమ్మా, రండి. వెనకున్నవాళ్ళు కూడా ఇలా దగ్గరగా జరగండి. దేవుడి దయవల్ల ఇవాళ గొంతు బాగానే ఉంది, కథ చెప్పేస్తాను.

గోదావరి మధ్యనున్న పైడిలంకకు సుభాషిణి అనే నర్సు వచ్చేది; పని తెలిసినదే, మనసూ మంచిదే, కానీ ఒక్కచోట కాలు నిలిచేది కాదు.

సర్కారువారు ఆ లంకలో కొత్తగా ఒక కార్యక్రమం పెట్టారు. నర్సు పడవలో వెళ్ళి, గర్భిణులను ఇంటింటికీ తిరిగి చూడాలి. బీపీ ఎంతుందో ట్యాబులో ఎక్కించాలి. పట్నంలో పెద్ద డాక్టరుగారు ఆ వివరాలు చూసి, కార్యక్రమం పనిచేస్తోందో లేదో తేలుస్తారు. వెళ్ళని ఇంటికి ‘చూడలేదు’ అని నొక్కే వీలుంది. కానీ అలా నొక్కితే, ఎందుకు చూడలేదని పైనుంచి ఫోను వస్తుంది.

అందుకని సుభాషిణి రేవులో పడవ దిగకుండానే అందరికీ ‘నూట ఇరవై, ఎనభై’ అని నొక్కేసేది.

“ఏంటండి నర్సమ్మగారూ, లంకంతా ఇక్కడినుంచే కనపడిపోతోందా? మీ కళ్ళకి దణ్ణం!” అనేవాడు పడవ నడిపే సత్తిబాబు.

“నీ వేళాకోళం ఆపి పడవ తియ్యవయ్యా. ఇంకా రెండు ఊళ్ళున్నాయి!” అనేది ఆమె.

ఒకరోజు ఏడో నెల గర్భిణి బుల్లెమ్మ ఆయాసపడుతూ రేవుకు వచ్చింది.

“తల దిమ్ముగా ఉంటోందండి. ఒక్కసారి చూద్దురూ!”

“ఎండకే తల్లీ. మజ్జిగ తాగు, వచ్చే వారం చూస్తాలే.”

పడవ కదిలిపోయింది. బుల్లెమ్మకూ అవే అంకెలు పడ్డాయి.

ఆ వారమే పెద్ద డాక్టరుగారు లంకకు వచ్చి సభ పెట్టారు. “ఇక్కడ ఒక్క గర్భిణికీ బీపీ లేదు. కార్యక్రమం దివ్యంగా పనిచేసింది! ఇక మీకు పడవ అక్కర్లేదు. రేపటినుంచి పక్క లంకకు పంపిస్తాం” అన్నారు.

చప్పట్లు మోగాయి. సుభాషిణికి మాత్రం కూర్చున్నచోట ముళ్ళున్నట్టయింది. ఎదురుగా బుల్లెమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. కాళ్ళు ఉబ్బి, చెప్పులు పట్టడం లేదు.

నోరు విప్పితే ఉద్యోగం పోవచ్చు. విప్పకపోతే పడవ పోతుంది. ఆమె మనసులో దేవుణ్ణి తలుచుకుని లేచింది.

“అయ్యా, పడవ పంపకండి. అవి నేను చూసిన అంకెలు కావు!”

అంటూనే పరుగెత్తి బుల్లెమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టింది. అంకె చూసిన డాక్టరుగారి ముఖం పాలిపోయింది.

“సత్తిబాబూ, పడవ తియ్యి!” అని కేకేసింది సుభాషిణి.

బుల్లెమ్మ ఆసుపత్రిలో బతికింది. బిడ్డ నెలలు నిండకుండానే, గుప్పెడంత పుట్టింది. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచితే గానీ నిలబడలేదు.

“మేం దూరాన ఉన్నవాళ్ళం. నువ్వు రాసిందే మాకు కన్ను. ఆ కంట్లో కారం కొట్టావు కదమ్మా!” అన్నారు డాక్టరుగారు. శిక్ష పడింది. సుభాషిణి తలవంచి ఒప్పుకుంది. పడవ మాత్రం లంకలోనే ఉంది. ఆనాటినుంచి ఆమె గడప తొక్కని ఇంటికి ‘చూడలేదు’ అనే నొక్కేది. ఫోను వస్తే నిజమే చెప్పేది.

నాయనలారా, ఆమె సభలో లేచి నిలబడిన ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీకూ అలాంటి వేళ వస్తే, మీరూ లేచి నిలబడండి. చూడనిది చూశామని రాస్తే, సాయం కావలసినవాళ్ళకే సాయం దూరమవుతుంది.