మూత తీయని భస్మం

గువ్వలకొండ రాజుగారి గుర్రాలకు దగ్గు పట్టుకుంది. అవి దగ్గితే మూడూళ్ళ అవతల ఇంటి పెంకులు ఊడిపడేవి! ఆస్థాన వైద్యుడు పేరిభట్టు తన బంగారు భస్మమే మందన్నాడు. మేత వేసే నూకాలు తన మిరియాల కషాయం చాలంది.

"సగం గుర్రాలకు అదీ, సగానికి ఇదీ పట్టించండి. ఓడినవాళ్ళు కోట విడిచి పోవాలి" అన్నారు రాజుగారు. ఆ గుర్రపుశాల తప్ప నూకాలుకు వేరే గూడు లేదు.

చీట్లు వేసి గుర్రాలను పంచారు. భస్మం వాటికి ఎర్రతాడు, కషాయం వాటికి నల్లతాడు కట్టారు. రెండు మందులూ పట్టించే పని నూకాలుకే అప్పగించారు.

వారం తిరిగాక పేరిభట్టు గుర్రాలను చూసి, నూకాలును రాజుగారి కొలువుకు లాక్కెళ్ళాడు. "ఎర్రతాళ్ళలో ఏడు తేరుకున్నాయి, నల్లతాళ్ళలో అయిదే! దీన్ని వెళ్ళగొట్టండి ప్రభూ!" అని బురుజులు బీటలు వారేలా అరిచాడు.

"ఆ తేడా మీ భస్మం వల్లేనా, అయ్యగారూ?"

"కాక, నీ మొహం చూసి తేరుకున్నాయా?"

నూకాలు భస్మం భరిణె తెచ్చి రాజుగారి ముందు పెట్టింది. మూత మీది లక్కముద్ర చెక్కుచెదరలేదు.

"ఈ వారం అన్నిటికీ ఉత్త ఉలవకట్టే పోశాను, దొరా. మందు లేకుండానే ఇంత తేడా వచ్చింది. రేపు మందు పట్టించాక ఇంతకు బాగా మించి వస్తేనే గెలుపనండి."

రాజుగారు సింహాసనం మీంచి దొర్లిపడేటంత నవ్వారు. "ఎవరూ పోనక్కర్లేదు. పందెం మళ్ళీ మొదలు!"

"మరి నా ఏడు గుర్రాలెలా తేరుకున్నాయే?" అని గొణిగాడు పేరిభట్టు.

"వాటంతటవే తేరుకున్నాయి, బాబూ. మీ భస్మం మూత కింద కూర్చుని పేరు కొట్టేసింది."