చంద్రుడి మీంచి దిగినవాళ్లు

మన పూర్వులు చంద్రుడి మీంచి తాడు పట్టుకుని దిగారనీ, కొండలు ఒకప్పుడు నడిచేవనీ గవరయ్య జీవితమంతా తాటాకుల మీద రాస్తూనే ఉన్నాడు.

"పచ్చి అబద్ధాలు! అన్నీ కాల్పించండి ప్రభూ!" అన్నాడు రాజసభలో ఆ ఆకులు చూపిస్తూ ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి.

గవరయ్య తొణక్కుండా, "అలాగే కాల్చండి. చదవకుండానే కాల్పించారన్న మాట మాత్రం శాస్త్రిగారికి రాకూడదు" అన్నాడు.

శాస్త్రి సభలో వెటకారంగా చదవడం మొదలెట్టాడు. పోనుపోను వెటకారం తగ్గింది. కథలో సగంమంది దిగాక ఎవరో తాడు కోసేశారు. అక్కడితో ఆకులు అయిపోయాయి.

"కోసిందెవరయ్యా?" అని అరిచాడు శాస్త్రి.

"ఇంకా రాయలేదండి. కాలిపోయేదానికి రాసి ఏం లాభం?"

శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, అబద్ధమే అనుకోండి. పూర్తయ్యాకే కాల్చాలి."

రాజు నవ్వి సరేనన్నాడు. కొత్త ఆకుల కోసం శాస్త్రి గవరయ్య ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. గవరయ్య బతికున్నన్నాళ్లూ ఆ పుస్తకం పూర్తి కాలేదు.