నాంచారమ్మ మూడు పొయ్యిలు

అనగా అనగా, బళ్ళు ఆగిపోయి పడవలు మొదలయ్యే ఒక పెద్ద ఏటి రేవు. ఆ రేవు పక్కన ఒక పట్నం. ఆ పట్నంలో షావుకారు సోమలింగం గారి కొట్టులో వడ్లు దంచే నాంచారమ్మ అనే మనిషి ఉండేది.

ఆమె తల్లి కూడా ఆ కొట్టులోనే దంచింది. దంచి దంచి ఒకనాడు ఆమె భుజం పడిపోయింది. మర్నాడే షావుకారు ఆ రోకలి ఇంకొకరి చేతికిచ్చాడు. ఆ తల్లి ఇరుగుపొరుగు పోసిన గంజితో బతికి, ఆ గంజితోనే పోయింది. నాంచారమ్మ అదంతా కళ్ళారా చూసింది. ఎప్పటికైనా తన భుజమూ పడిపోయేదే. కానీ ఒకరి గడపలో గిన్నె పట్టుకుని మాత్రం నిలబడనని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. మొండిది మరి.

కడుపు కట్టుకుని నాలుగు డబ్బులు వెనకేసింది. అమ్మలక్కలు చేరి, బంగారం చేయించుకోవే, మెళ్ళో కళగా ఉంటుందన్నారు.

"మెళ్ళో ఉన్న బంగారం నాకు కూడు పెట్టదు. అమ్ముకుంటేనే పెడుతుంది, అదీ ఒక్కసారి," అంది నాంచారమ్మ. అని తిన్నగా షావుకారు దగ్గరికి పోయి, రేవు పక్కనున్న గాడిదల సావిడి అమ్మమని అడిగింది.

షావుకారు పడీ పడీ నవ్వాడు. ఎందుకంటారా? ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. కాపురానికి పనికిరాకుండా పాడుపడిన ఇల్లు ఎవరిదైనా సరే, రాజుగారికి పోతుంది. ఆ సావిడికి సగం కప్పు లేదు. ఇవాళో రేపో రాజుగారి పాలయ్యేదానికి ఈ పిచ్చిది డబ్బులిస్తానంటోంది. కాదంటాడా? ఆమె కొంగు ముడి విప్పించి మొత్తం పుచ్చుకున్నాడు.

షావుకారుకి ఒక వీధి వీధంతా ఇళ్ళే. అన్నిటికీ తాళాలే. అద్దెకిస్తే గోడలకు మేకులు కొడతారట. పొయ్యి రాజేస్తే దూలాలకు మసి పడుతుందట. ఏటేటా ముందుగోడకు సున్నం కొట్టించి, తాళం లాగి చూసుకుని, తృప్తిగా ఇంటికి పోయేవాడు. ఆ తృప్తి ఏం చేసుకోవాలో ఆయనకే తెలియాలి.

నాంచారమ్మ సావిడిలో పేడంతా ఎత్తిపోసింది. తాటాకు కప్పించింది. అడ్డంగా తడకలు కట్టి మూడు గదులు చేసి, గదికో పొయ్యి వేసింది. ఏరు పొంగితే పడవలు ఆగిపోతాయి, మనుషులు తడుస్తూ ఒడ్డునే కూర్చుంటారు. వాళ్ళను ఆమె ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది. మొదటి గదిలో పడవ నడిపే సరంగు చేరాడు. రెండో గదిలో చాపలల్లే సంసారం. మూడో గదిలో ఒక మంత్రసాని.

మొదటి అద్దె చేతికొచ్చింది. కొత్త చీర కడుతుందని అందరూ చూశారు. ఆమె కప్పుకి ఇంకో వరస తాటాకు వేయించింది. మరుసటేడు అద్దెతో గోడలు మట్టితో మెత్తించింది. ఆ మరుసటేడు పెరట్లో బావి తవ్వించింది. తన తిండికి మాత్రం షావుకారు వడ్లు దంచుతూనే ఉంది. పిసినారిదని ఊరంతా మూతి తిప్పింది. తిప్పితే తిప్పనీ అనుకుంది.

గాడిదల సావిడి గడ్డిపోచ మీద గడ్డిపోచగా ఇల్లవుతుంటే షావుకారుకి కంట్లో నలుసు పడ్డట్టయింది. కొన్నదానికి రెండింతలిస్తాను, తిరిగిచ్చెయ్యమన్నాడు. ఇవ్వనంది. సరే, మూడింతలద్దె ఇస్తాను, నా పత్తి బేళ్ళు పెట్టుకుంటాను, ఈ ముగ్గురినీ గెంటెయ్యమన్నాడు. అప్పుడు బయట జోరున వాన.

"వానలో మనుషుల్ని గెంటి బేళ్ళను పడుకోబెట్టలేనయ్యా," అంది నాంచారమ్మ.

"అయితే రేపట్నుంచి నా కొట్టుకి రాకు."

తల్లికి పట్టిన గతి నాంచారమ్మ కళ్ళముందు ఆడింది. అయినా తల దించలేదు. రోకలి గోడకు ఆనించి బయటికి నడిచింది. ఆ నెల మొదటిసారి అద్దెలోంచి తన బియ్యం కొనుక్కుంది. ఎసట్లో బియ్యం పోస్తూ ఏడ్చింది కూడా. దుఃఖంతో కాదు, ఎవరినీ అడక్కుండా తింటున్నందుకు.

షావుకారు ఊరుకుంటాడా? రాజుగారి దగ్గరికి పోయి ఫిర్యాదు పెట్టాడు. ఆ సావిడి తాను అమ్మేనాటికే పాడుపడిందట, కట్టడి ప్రకారం అది రాజుగారిదట, తనకు అమ్మే హక్కే లేదట. రాజుగారు తీసుకుని వేలం వేస్తే తాను పాడుకుందామని ఆయన ఎత్తు.

వానలు వెలిశాక రాజే స్వయంగా వచ్చాడు. సావిడి లోపలికి వెళ్ళి పైకి చూశాడు. మూడు పొయ్యిల పొగ తగిలి తగిలి వాసాలు నల్లగా, గట్టిగా ఉన్నాయి. ఒక్క చెదపురుగు లేదు. రోజూ పేడతో అలికిన నేల గట్టిగా ఉంది. పాడుపడిందేదీ అని రాజు అడిగాడు.

నాంచారమ్మ ముందుకొచ్చింది. "ప్రభూ, మీ కట్టడి నా గడప దాకా వచ్చింది. సంతోషం. నాలుగడుగులు వేస్తే ఆయన వీధి ఉంది. అక్కడిదాకా కూడా రానివ్వండి."

రాజు వరసగా మూడిళ్ళ తాళాలు తీయించాడు. మొదటి ఇంట్లో తలుపు తోస్తే తలుపే పొడై రాలింది. రెండో ఇంట్లో గోడల నిండా చెదపుట్టలు. మూడో ఇంట్లో దూలం నడిమికి విరిగి వేలాడుతోంది. ముందుగోడ సున్నం మాత్రం తెల్లగా మెరుస్తోంది. పొయ్యి రాజెయ్యని ఇంటికి పొగ లేదు, పొగ లేని వాసానికి చెద పట్టింది. ఆ మూడిళ్ళూ కట్టడి ప్రకారం రాజుగారివైపోయాయి. మిగతావాటి తాళాలు షావుకారు ఆ పొద్దు గుంకకముందే తనంతట తానే తీయించి, అద్దెకు మనుషుల్ని పిలిచాడు.

రాజు ముచ్చటపడి, ఆ మూడింటిలో ఒకటి ఊరికే తీసుకోమని నాంచారమ్మతో అన్నాడు.

"ఊరికే ఇచ్చింది ఊరికే తీసుకుంటారు ప్రభూ. వెల కట్టండి. వచ్చే అద్దెలోంచి ఏటేటా తీరుస్తాను," అంది.

రాజు నవ్వి వెల కట్టాడు. ఆమె బాగు చేయించింది, అద్దెకిచ్చింది, మాట ప్రకారం తీర్చింది. అది తీరాక రెండోది, ఆ తర్వాత మూడోది. తొందరపడలేదు.

చాలా ఏళ్ళకు, అనుకున్నట్టే, ఒకనాటి పొద్దున నాంచారమ్మ భుజం పడిపోయింది. గిన్నె కూడా ఎత్తలేకపోయింది. కానీ ఎవరి గడపకూ పోలేదు. తన గడపలోనే కూర్చుని, తన ఇళ్ళ మీద లేచే పొగ చూస్తూ, తన అన్నం తాను ఎడమచేత్తో తింది.

తాళం వేసి దాచింది చెదకు పోతుంది. నలుగురికి నీడగా నిలిపి ఓపిగ్గా పెంచుకున్నది, చేతులు పడిపోయిన నాడు మనకు అన్నం పెడుతుంది.