కెజియా అడిగిన ప్రశ్న

ఇమ్మానుయేలు మాస్టారికి వాదన గిట్టదు. ఎవరేమడిగినా ఎప్పుడో జరిగింది ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఆయన నడిపే టీచర్ల శిక్షణ తరగతుల్లో కొత్త టీచరమ్మ శరణ్య లేచి, "మీరు చెప్పినట్టు అట్టముక్కలతో ఆటలాడిస్తే పిల్లలు నవ్వుతారండీ, నిజమే. వాళ్లకి ఇంగ్లీషు వ్యాకరణం వచ్చిందని ఎలా తెలుస్తుంది?" అని అడిగినప్పుడు కూడా అంతే చేశారు.

ఆయన తొలిరోజుల్లో మిరప తోటల నడుమ ఒక బడిలో పనిచేశారట. అయిదు, ఆరు తరగతులకు ఒకటే గది. ప్రశ్నలో 'డిడ్' ముందు, 'యూ' తర్వాత. ఈ సూత్రాన్ని నెల్లాళ్లు వల్లె వేయించారు. అయినా ఆరో తరగతి రూతు ప్రతిసారీ తిరగేసే చెప్పేది. ఒకరోజు విసుగెత్తి అరచేతి మీద స్కేలుతో కొట్టారు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. తల్లితో కూలికి పోతోందని తెలిసింది.

మాస్టారు స్కేలు పక్కన పడేసి ఆట మొదలుపెట్టారు. ఒక్కో మాట రాసిన అట్టముక్క ఒక్కొక్కరు పట్టుకుని, చోట్లు మారుతూ ప్రశ్నగా నిలబడాలి. ఆ తర్వాత మాస్టారు ముద్దాయి, పిల్లలు పోలీసులు. "వాట్ డిడ్ యూ ఈట్?" "వేర్ డిడ్ యూ స్లీప్?" గదంతా ఒకటే నవ్వులు.

అప్పుడు రూతు చెల్లెలు కెజియా లేచింది. అంతవరకూ క్లాసులో నోరు విప్పని పిల్ల. అట్టముక్కల వంక చూడలేదు, మాస్టారినే చూస్తూ అడిగింది.

"వై డిడ్ యూ బీట్ మై సిస్టర్?"

నవ్వులు ఆగిపోయాయి. ముద్దాయి జవాబు చెప్పి తీరాలన్నది ఆట నియమం. పిల్లలు ఎదురు చూశారు. మాస్టారు కుర్చీలోంచి లేచి బల్లమీది అట్టముక్కలు సర్దుకున్నారు, అంతే.

బడి వదిలాక కెజియా వెంట మిరపకాయలు ఆరబోసిన కళ్లానికి నడిచి వెళ్లారు. రూతు అరచేతులు కారానికి ఎర్రగా మండిపోతున్నాయి. ఘాటుకు దగ్గుతూనే, కూలీలందరి ముందు, "తప్పు నాదే తల్లీ, బడికి రా" అన్నారు. ఆ పిల్ల తలెత్తలేదు. నాలుగో రోజు వచ్చి వెనక వరుసలో కూర్చుంది.

శరణ్య, "మరి రూతుకి ఆ సూత్రం వచ్చిందాండీ?" అంది.

"కెజియా ప్రశ్నలో ఒక్క తప్పు లేదమ్మా" అన్నారు మాస్టారు. "జవాబు దగ్గరే నేను తడబడ్డాను."