చిన్న స్పీకరు మీద వేలు

విజయవాడ ఆటోనగర్‌లో జిలానీ ఉస్తాద్ దగ్గర కార్లకి స్పీకర్లు బిగించడం నేర్చుకుంటున్న ఏసుపాదానికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

కారు వయొలిన్ మాస్టారు నాగవర్ధనం గారిది. తలుపుల్లో గొంతు పలికే స్పీకర్లు రెండు, అద్దం పక్కన సన్నటి శబ్దానికి చిన్నవి రెండు, డిక్కీలో మోతకి పెద్దది ఒకటి. ఏ స్పీకరు ఏ స్థాయి శబ్దం దాకా పలికి ఆగాలో, ఏది ఎక్కడ అందుకోవాలో పంచిపెట్టేది క్రాసోవర్. ఆ పంపకాన్ని ఉస్తాద్ మొదటిసారి పూర్తిగా ఏసుపాదానికే వదిలేశాడు.

పొద్దున్నే మాస్టారు వచ్చి తన కచేరీ రికార్డింగు పెట్టి విన్నారు.

"నా వయొలిన్ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది నాయనా. మధ్యాహ్నం దాకా చూస్తా. కుదరకపోతే అన్నీ పీకెయ్యండి," అని టీ తాగడానికి వెళ్ళారు.

ఏసుపాదం మోత తగ్గించాడు, పెంచాడు. సౌండు మొత్తం పెంచాడు. వయొలిన్ పక్కింట్లోంచి కదల్లేదు. చివరికి ఉస్తాద్ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఇది నాకు రాదు ఉస్తాద్. మా మామ కోళ్ళఫారంలో మనిషి కావాలంటన్నాడు. ఎల్లిపోతా."

ఉస్తాద్ అల్మరాలో ఏదో వెతికి జేబులో వేసుకుని, వచ్చి ఏసుపాదంతో పాటు కారులో కూర్చున్నాడు. కాసేపు విన్నాడు.

"తలుపు స్పీకర్లు ఎక్కడ ఆపావు?"

"రెండున్నర వేల హెర్ట్జ్ దగ్గర."

"చిన్నవి ఎక్కడ మొదలెట్టావు?"

ఏసుపాదం తల వంచుకున్నాడు. "ఆరు వేల దగ్గర."

మధ్యలో అంతా ఖాళీ. వయొలిన్ మెరుపు ఉండేది అక్కడే. ఆ సంగతి అతనికి తెలియక కాదు. పనిలో చేరిన వారానికే చిన్న స్పీకర్లకి హద్దు పెట్టకుండా స్విచ్ వేశాడు. మోతంతా వాటిలోకి పోయి జత కాలిపోయింది. ఆ వాసన ఇంకా అతని ముక్కులోనే ఉంది. భయం చేసే పని ఇలాగే ఉంటుంది. ఏదీ కాలదు, ఏదీ సరిగ్గా వినపడదు.

ఉస్తాద్ చిన్న స్పీకరు అంచు మీద వేలు పెట్టాడు.

"మెల్లగా కిందికి దించు. వేడెక్కితే నేను చెప్తా."

"వేలు కాలుద్ది ఉస్తాద్!"

"వేలు నాది. నువ్వు దించు."

ఏసుపాదం ఫోన్‌లో క్రాసోవర్ అంకె దించాడు. ఐదు వేలు. నాలుగు. ఆగి ఉస్తాద్ వంక చూశాడు. ఉస్తాద్ వేలు కదల్లేదు. మూడున్నర. మూడు.

వయొలిన్ గోడ దాటి వచ్చి వాళ్ళిద్దరి ముందు కూర్చుంది.

ఏసుపాదం సీటుకి జారగిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆరకముందే విపరీతమైన ఆకలి వేసింది.

మాస్టారు తిరిగొచ్చి కళ్ళు మూసుకుని విన్నారు. ఎడమచేతి వేళ్ళు స్టీరింగ్ మీద వాటంతటవే కదిలాయి. "ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది," అని నవ్వుతూ కారు తీశారు.

కారు మలుపు తిరిగాక ఉస్తాద్ జేబులోంచి కవరు విప్పని కొత్త చిన్న స్పీకర్ల జత తీసి, అల్మరాలో తిరిగి పెట్టాడు. ఏసుపాదం చూశాడు.

"కాలుద్దేమోనని మీకూ అనిపించిందా ఉస్తాద్?"

"అనిపించకుండా ఎట్టా ఉంటది? ఆ భయాన్ని నేను జేబులో పెట్టుకున్నా. నువ్వు గుండెల్లో పెట్టుకున్నావు. పద, అన్నం తిందాం."