నూకాలు కోతి బుగ్గల్లో గింజలు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఎండిపోయిన అడవి, అవతల పచ్చని అడవి. ఇవతల అడవిలో నూకాలు అనే కోతి ఉండేది. దానికి ఒక్కతే కూతురు. పేరు గున్నమ్మ. ఇంకా తల్లి పొట్టను కరుచుకుని తిరిగే వయసు.

మూడేళ్లుగా ఆ అడవిలో చినుకు రాలలేదు. మేడిచెట్లు కూడా మోడులైపోతున్నాయి. గున్నమ్మ ఒళ్లంతా ఎముకలే కనబడుతున్నాయి. "ఇక్కడే ఉంటే నా బిడ్డ దక్కదు. అవతల అడవికి వెళ్లిపోతాను" అనుకుంది నూకాలు.

అవతల వానలు బాగా కురుస్తాయి. అయితే వానలో తడవకుండా ఉండడానికి ఒక తొర్ర కావాలి. అక్కడ తొర్ర కావాలంటే వంద గురివింద గింజలు ఇవ్వాలి. ఆ అడవుల్లో గురివింద గింజలే డబ్బు. ఎర్రగా, కొసన నల్లచుక్కతో ముద్దుగా ఉంటాయి చూడండి, అవే. మీరు మాత్రం నోట్లో పెట్టుకోకండర్రా, కొరికితే విషం.

నూకాలు దగ్గర రెండు వందల నలభై గింజలున్నాయి. ఎలా వచ్చాయంటారా? పేలు చూసి సంపాదించింది. దుప్పులకు చూసింది, అడవిదున్నలకు చూసింది, చిరాకు పడి కాళ్లు విదిలించే కణుజులకు కూడా ఓపిగ్గా చూసింది. రోజంతా చూస్తే ఒక గింజ. ఎన్ని రోజుల కష్టమో మీరే లెక్కపెట్టుకోండి.

ప్రయాణం రేపనగా సూరన్న మావ వచ్చాడు. సూరన్న ముసలి కోతి. మంచివాడే పాపం, నూకాలంటే కూతురంత ప్రేమ. కానీ తెలియని సంగతి తెలియదని చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు.

"అమ్మాయ్, గింజలు ఎలా తీసుకెళ్తున్నావు?" అని అడిగాడు.

"మూటగట్టి చంకన పెట్టుకుంటాను మావా."

"అయ్యో పిచ్చితల్లీ! రేవులో కావలి ఉంటాడు. వందకు మించి గింజలు కనబడితే మొత్తం లాగేసుకుంటాడు!"

నూకాలు గుండె గుభేలుమంది. "మరి ఎలా మావా?"

"నేనున్నానుగా! సగం నీ బొంతలో పెట్టి కుట్టేద్దాం. మిగతా సగం నీ బుగ్గల్లో దాచుకో. దేవుడు మన కోతులకు సంచుల్లాంటి బుగ్గలు ఇచ్చింది ఎందుకనుకున్నావు?"

ఇద్దరూ కూర్చుని నూట ఇరవై గింజలు బొంతలో పెట్టి నారతో కుట్టారు. మర్నాడు పొద్దున్నే రేవు కనబడే మలుపు దగ్గర ఆగి, మిగతా నూట ఇరవై గింజలూ నూకాలు రెండు బుగ్గల్లో కుక్కుకుంది. మొహం గుమ్మడికాయంత అయింది. పళ్లు గట్టిగా కలపడానికి లేదు, విషమాయె. అలా నోరు మూసుకుని, చంకలో పిల్లతో, నెత్తిన మూటతో వెళ్లి రేవులో వరసలో నిలబడింది.

రేవు కావలి పేరు పోలయ్య. అతనొక నీటికుక్క. అదే, నీళ్లలో చేపలా ఈదుతుందే, ఆ జంతువు. పొడుగాటి మీసాలు, నెమ్మదైన మాట. అతను రాయి మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఊరు మారి వెళ్లేవాళ్లంతా వినండి. మీరు వాడుకునే సామాను ఎంతైనా తీసుకెళ్లొచ్చు. పురుగు పట్టిన పళ్లు, వేర్లకు అంటిన మట్టి తేవద్దు. మన చీడ అవతలి చెట్లకు అంటుకుంటుంది. గురివింద గింజలు ఎన్ని ఉన్నా మీవే. కాకపోతే వంద దాటితే నోటితో చెప్పండి. ఆకు మీద రాసి ఇస్తాను."

అప్పుడు నూకాలుకు అర్థమైంది. సూరన్న మావ సగం విని వచ్చి సలహా చెప్పాడు!

ముందున్న కుందేలు అడిగింది. "చెప్పడం ఎందుకయ్యా?"

"ఒకసారి తోడేళ్లు కొన్ని వేల గింజలతో దాటిపోయాయి. అవన్నీ దోచినవని తర్వాత తెలిసింది. పోగొట్టుకున్నవాళ్లు ఈ గట్టు మీదే కూర్చుని ఏడ్చారు. అప్పటినుంచి అడుగుతున్నాం" అన్నాడు పోలయ్య.

"నా దగ్గర మూడు వందలున్నాయి. దుంపలు తవ్వి సంపాదించాను" అంది కుందేలు. పోలయ్య తాటాకు ముక్క మీద గోటితో గీతలు గీసి ఇచ్చాడు. కుందేలు మూడు వందల గింజలూ పట్టుకుని గంతులేస్తూ వెళ్లిపోయింది.

అంతే! అంత తేలిక!

నూకాలుకు కూడా చెప్పేయాలనిపించింది. కానీ చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే అందరి ముందూ గింజలు ఉమ్మాలి. 'దాచుకుని వచ్చిందని తెలిసిపోతుంది. ఎంత సిగ్గు! పైగా దొంగననుకుంటాడేమో' అని పాపం లోలోపలే నలిగిపోయింది.

ఆలోచన తెగేలోపే తన వంతు వచ్చింది. పోలయ్య మూట విప్పాడు.

"సొరబుర్ర. నీళ్లు తాగేదేనా? తీసుకెళ్లు తల్లీ. పాత బొంత. పిల్లకు కప్పేదేనా? తీసుకెళ్లు. మేడిపళ్లు... ఇవి మాత్రం కుదరవమ్మా, లోపల పురుగులుంటాయి. పారేయడం ఎందుకు, ఇక్కడే తినేయండి."

గున్నమ్మ ఆ మాట కోసమే కాచుకున్నట్టు పళ్ల మీద పడింది.

"నువ్వూ తిను తల్లీ. ఎంతసేపటినుంచి నిలబడ్డావో" అన్నాడు పోలయ్య.

నూకాలు తల అడ్డంగా ఊపింది.

పోలయ్య ఆ ఉబ్బిన మొహం చూశాడు. "అరెరె, పన్ను నొప్పా?"

ఏం చెయ్యాలో తోచక నూకాలు తల నిలువుగా ఊపింది. పోలయ్య గబగబా వెళ్లి వేపపుల్ల తెచ్చాడు. "ఇది బాగా నములు. ఇట్టే తగ్గుతుంది" అన్నాడు. నూకాలు ఆ పుల్లను చేత్తో పట్టుకుని నిలబడింది. అంత మంచివాడి ముందు అబద్ధమాడుతున్నందుకు దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి ఎక్కువైందనుకుని పోలయ్య ఇంకా జాలిపడ్డాడు.

"మాట్లాడకులే తల్లీ. తల ఊపితే చాలు. గురివింద గింజలు వంద దాటి ఉన్నాయా?"

నూకాలు తల అడ్డంగా ఊపింది.

"మూడుసార్లు అడగడం ఇక్కడి పద్ధతి. మళ్లీ అడుగుతున్నాను. ఉన్నాయా?"

నూకాలు తల మళ్లీ అడ్డంగా కదలబోయింది. సరిగ్గా అప్పుడే గున్నమ్మ చేతిలోంచి ఒక మేడిపండు జారి రాయి మీద దొర్లింది. దాని వెనకే గున్నమ్మ పరుగెత్తింది. పాచి పట్టిన రాయి! కాలు జారి బుడుంగున ఏట్లో పడింది.

"గున్నా!"

ఏరంతా వినబడేలా అరిచింది నూకాలు. ఆ అరుపుతో నూట ఇరవై గింజలూ నోట్లోంచి చిమ్మాయి. కొన్ని రాళ్ల మీద పడ్డాయి, కొన్ని నీళ్లలో పడి కొట్టుకుపోయాయి. నూకాలు వాటివైపు చూడనేలేదు. నీళ్లవైపు చేతులు చాచి ఏడుస్తోంది.

పోలయ్య అప్పటికే దూకేశాడు. రెండుసార్లు మునిగాడు, మూడోసారి గున్నమ్మను మెడ దగ్గర నోట కరుచుకుని తేలాడు. గట్టెక్కి, పిల్లను బోర్లించి నీళ్లు కక్కించాడు. "ఆ బొంత ఇలా ఇవ్వు, వణికిపోతోంది" అని తానే చుట్టబెట్టి తల్లి ఒళ్లో పెట్టాడు.

అప్పుడు చూశాడు రాళ్ల మీద ఎర్రగా మెరుస్తున్న గింజలు. ఒక్కొక్కటే ఏరి తెచ్చాడు. అరవై దొరికాయి.

"ఇవి నీకు తిరిగి ఇవ్వలేను తల్లీ. దాచి దొరికిన గింజలు రేవుకు చెందుతాయి. ఈ జారుడు రాళ్లు తీయించి మెట్లు కట్టించడానికి వాడతాం. ఆ పద్ధతి మార్చడానికి నాకు హక్కు లేదు" అన్నాడు బాధగా.

"చెప్పి ఉంటే?"

"చెప్పి ఉంటే ఒక్కటి కూడా తీసుకునేవాణ్ణి కాదు."

"వందకు మించితే లాగేసుకుంటారని మా మావ చెప్పాడు బాబూ" అని నూకాలు వెక్కింది.

"మీ మావ ఎన్నిసార్లు దాటాడు ఈ ఏరు?"

"ఒక్కసారీ దాటలేదు."

పోలయ్య మీసాలు తుడుచుకున్నాడు, నవ్వలేదు. "మూడోసారి అడుగుతున్నాను తల్లీ. ఇంకేమైనా ఉన్నాయా?"

నూకాలు పిల్లకు చుట్టిన బొంతను చూసింది. బొంతలో నూట ఇరవై ఉన్నాయి. పోలయ్య దాన్ని చేత్తో పట్టుకుని కూడా కనిపెట్టలేదు. లేవంటే నమ్ముతాడు. ఉన్నాయంటే, ఒకసారి అబద్ధమాడిన దాన్ని అని అవీ తీసుకుంటే? తొర్ర ఉండదు. అవతల తొలకరి ముంచుకొస్తోంది. ఈ తడిసిన పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలి?

తలెత్తి చూసింది. పోలయ్య ఒంటి మీద నీళ్లు ఇంకా కారుతున్నాయి. తన బిడ్డ కోసం తడిసిన ఒళ్లు అది.

"ఉన్నాయి బాబూ" అంది. "ఈ బొంతలో నూట ఇరవై ఉన్నాయి. పేలు చూసి సంపాదించాను. మీ ఇష్టం."

పోలయ్య కుట్లు విప్పించి గింజలు లెక్కపెట్టాడు. తాటాకు మీద గీతలు గీశాడు. గింజలన్నీ ఆకుతో సహా నూకాలు చేతిలో పోశాడు.

"ఇవి నీవి" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ. అడిగినప్పుడు చెప్పావుగా."

"ముందు అబద్ధమాడాను కదయ్యా!"

"భయపడ్డవాళ్లకు మనసు మార్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది. అందుకే మూడుసార్లు అడుగుతాం" అన్నాడు పోలయ్య.

నూకాలు పిల్లను ఎత్తుకుని రాళ్ల మీదుగా ఏరు దాటింది. తొర్రకు వంద ఇవ్వగా ఇరవై మిగులుతాయి. పోయిన నూట ఇరవై తలుచుకుంది. ఎన్ని దుప్పుల వీపులు, ఎన్ని ఎండలు! అయినా పిల్ల బతికింది, నిలువ నీడ దొరకబోతోంది.

అవతలి గట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూసింది. వరసలో అప్పుడే వచ్చిన పది పన్నెండు కోతులు నిలబడి ఉన్నాయి. అన్నిటి మొహాలూ గుమ్మడికాయల్లా ఉన్నాయి! సూరన్న మావ సలహా అడవంతా తిరిగినట్టుంది.

నూకాలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచింది. "అక్కల్లారా, అన్నల్లారా! చెబితే తీసుకోరు! నావి పోయింది దాచినందుకే! చెప్పేయండి!"

కోతులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ముందున్న ముసలి కోతి సిగ్గుపడుతూనే దోసిలి పట్టి నోరు తెరిచింది. ఆ తర్వాత రెండోది, మూడోది. రేవంతా గలగలమని గింజల చప్పుడు.

పోలయ్య నిట్టూర్చి, ఇంకో కట్ట తాటాకులు తెచ్చుకోవడానికి లేచాడు.

నీతి: ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే మన కష్టార్జితం మన దగ్గరే ఉంటుంది, భయపడి దాచుకుంటే మనదే మనకు కాకుండా పోతుంది.