కుట్టినవాడి కునుకు

మౌలాలి అమ్మిన దిండ్లు వెనక్కి రావడం మొదలైంది.

ఎవరీ మౌలాలి అంటే, మా కొండకింద దర్గాలో ఖాశింపీరా తాత దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నవాడు. తాత పగలంతా బూరుగు దూదితో పరుపులూ దిండ్లూ కుడతాడు. సందేళకు దర్గాలో దీపం పెట్టి, వచ్చినవాళ్ళ కష్టసుఖాలు వింటాడు. జనం ఆయన్ను గురువంటారు. ఆయన మాత్రం నేను దూది పని చేసుకునేవాణ్ణి అంటాడు. నేను దర్గా మెట్ల పక్కన టీ బంకు నడుపుతాను, పేరు జైబున్ని. నా నోరు కొంచెం పెద్దది, ముందే చెప్తున్నా.

తాత దగ్గర ఒక పద్ధతి ఉంది. దిండు కుట్టడం అయ్యాక దాని మీద ఉతికిన గుడ్డ పరిచి, కుట్టినవాడు మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి. నిద్ర పట్టిందా, ఆ దిండు గడప దాటుతుంది. పట్టలేదా, కుట్లు విప్పి మళ్ళీ మొదలు. మౌలాలి మొట్టమొదట కుట్టిన పరుపును తాత అట్లా ఏడుసార్లు విప్పించాడు. ఎనిమిదోసారి కుట్టిందాన్ని తాత ఎవరికీ అమ్మలేదు, తన పడకకే వేసుకున్నాడు. ఆ రోజు మౌలాలి సంబరం చూడాల్సిందే. నా బంకులో కూర్చుని నాలుగు టీలు తాగి, ఆ ఒక్క మాటే నలభైసార్లు చెప్పాడు.

ఆ తర్వాత ప్రొద్దుటూరులో ఎవరో ఫోన్లో వ్యాపారం ఎట్లా పెట్టాలో మూడు రోజులు ఉచితంగా నేర్పిస్తున్నారంటే పోయి నేర్చుకొచ్చాడు. చేతనైన పనితోనే మొదలుపెట్టు, గుర్తుండే పేరు పెట్టు, మంచి వెలుతురులో ఫొటో తియ్యి, అడిగినవాళ్ళకు వెంటనే బదులియ్యి అని చెప్పారంట. అన్నీ మంచి మాటలే, నేను కాదనను. టౌన్లో ఒక గది బాడుగకు తీసుకుని ఫోన్లో అంగడి తెరిచాడు. ‘తాత చేతి దిండు’ అని దానికి పేరు. అట్టపెట్టె మీదా దిండు మూలనా తాత బొమ్మ. అడక్కుండా వేశాడా అంటే లేదు, అడిగే వేశాడు. నీ చెయ్యీ నా చెయ్యీ వేరా, వేసుకో అన్నాడు తాత.

రెండు నెలలు బాగా నడిచింది. బెంగుళూరు నుంచీ విశాఖ నుంచీ ఆర్డర్లు. రోజుకు రెండు దిండ్లు కుట్టేవాడికి ఇరవై కావలసి వచ్చాయి. ఇంక గింజలు ఏరే తీరికెక్కడిది? గింజ తీయని దూది సగం, మిల్లులో ఊడ్చిపారేసే చెత్త సగం కలిపి కూరడం మొదలుపెట్టాడు. కునుకు సంగతేమిరా అంటే, ఇరవై దిండ్ల మీద ఇరవై కునుకులు తీస్తే కుట్టేదెప్పుడక్కా అన్నాడు. అదీ నిజమేలే అని నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోబుద్ధవుతుంది.

దిండ్లు గడ్డలు కట్టాయని జనం వెనక్కి పంపసాగారు. బాగా లేకపోతే మార్చి ఇస్తామని వాడే రాసుకున్నాడు మరి. గది నిండిపోతోంది, వాపసు వచ్చేవి దర్గా చిరునామాకు రప్పించుకోనా అని తాతను అడిగాడు. ఆదివారం ఆదివారం వచ్చి బాగుచేసి పంపుతానన్నాడు. తాత సరేనన్నాడు. ఆదివారాలు వచ్చాయి, వాడు రాలేదు.

పార్సిళ్ళు నా బంకు దగ్గర దించేవాళ్ళు. తాత ఒక్కోటీ భుజాన పెట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకునేవాడు. కొన్నాళ్ళకు నన్ను పిలిచి, కొత్తగా కట్టిన మూటల మీద వాపసు పంపినవాళ్ళ చిరునామాలే రాయమన్నాడు. ఆయనకు చదువు రాదు. పోస్టు ఖర్చుకు ఆయన మేక ఒకటి సంతకు పోయింది. నాకు ఒళ్ళు మండిపోయి, ఆ మౌలాలిగాణ్ణి పిలిచి నాలుగు దులుపుతానన్నాను. వద్దన్నాడు. వాడంతట వాడు అడిగినప్పుడు చెప్దాం అన్నాడు.

మూడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం మౌలాలి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక చేతిలో శాలువా, ఇంకో చేతిలో మిఠాయి పెట్టె. ఫోను తీసి తాతకు చూపించాడు. నక్షత్రాలంట, కొన్నవాళ్ళు మెచ్చుకుంటే ఇచ్చేవి. మొదట్లో ఒకటీ రెండూ ఇచ్చినవాళ్ళే ఇప్పుడు ఐదేసి ఇస్తున్నారని, దిండు కొన్నాళ్ళు వాడితే సర్దుకుంటుందని తాను అనుకున్నదే నిజమైందని చెప్పుకుపోయాడు. పెద్ద షెడ్డు చూశాడంట, తాత వచ్చి మొదటి అడుగు పెట్టాలంట.

తాత శాలువా కప్పించుకున్నాడు. ఒక మిఠాయి తిన్నాడు. వాడికి అన్నం పెట్టించి, ఎండన పడి వచ్చావు, కాసేపు పడుకో అన్నాడు. లోపల్నుంచి ఒక దిండు తెచ్చి, ఉతికిన గుడ్డ పరిచి, చాప మీద వేశాడు.

నేను ఎంగిలి పళ్ళెం తీస్తూ అంతా చూస్తూనే ఉన్నాను. వాడు ఇటు పొర్లాడు, అటు పొర్లాడు. దిండు తిప్పి వేసుకున్నాడు. గింజ ఒకటి చెవి కింద గుచ్చుకున్నట్టుంది, లేచి కూర్చుని గుడ్డ తీసి చూశాడు. దిండు మూలన తాత బొమ్మ ఉంది. తన అంగడి దిండే.

నా వైపు చూశాడు. నేను పళ్ళెం వైపు చూశాను.

మెల్లగా లేచి లోపలి గదిలోకి పోయాడు, తాత పరుపు మీద వాలదామనుకున్నాడో ఏమో. చాలాసేపు బయటికి రాలేదు. నాకు మనసాగక పోయి తొంగిచూశాను. గదిలో ఒక మూల బూడిదరంగు చెత్త మోకాలెత్తు కుప్పగా పడి ఉంది. దాని పక్కన చాట నిండా ఏరిన గింజలు. గోడవారన వాపసు వచ్చిన దిండ్లు ఇంకో రెండు. తాత పడుకునే చోట ఉత్త చాప. తలవైపు ఖాళీ పరుపు గలీబు నాలుగు మడతలు పెట్టి ఉంది. అంచున వంకర కుట్లు, మౌలాలి నేర్చుకునేటప్పుడు వేసినవే. వాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత ఫోను తీశాడు. అన్నాళ్ళూ నక్షత్రాలు చూసుకున్నాడే గానీ కింద ఏం రాశారో చదివినట్టు లేదు. ఇప్పుడు చదువుతున్నాడు. ఒకటి పెదాలు కదిలిస్తూ చదివాడు, నాకు వినబడింది. "మొదటి దిండు పంపినందుకు తిట్టుకున్నాము. రెండోది వచ్చాక మా అమ్మ ఆపరేషన్ తర్వాత మొదటిసారి తెల్లారేదాకా పడుకుంది. ఆ తాత చేతులకు మా దండాలు."

వసారాలోకి వచ్చి తాత ముందు నిలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు. వాణ్ణి చూసి, దులపాలని మూడు నెలలుగా దాచుకున్న నాలుగు మాటలూ వదిలేసి నేను పళ్ళెం తోముకోసాగాను.

"తాతా, నీ పరుపు?" అన్నాడు.

తాత సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. "నీ పేరున పోయిన దిండ్లు గదా నాయనా, నువ్వు శుభ్రం చేసిన దూదే పెట్టినా," అన్నాడు. "పదకొండుకు సరిపోయింది. ఇంకా మూడు ఉన్నాయి, దూది అయిపోయింది."

తాత మాటలో కోపం వెతికాను. లేదు. కోపం ఉండుంటే వాడికి ఎంతో తేలికగా ఉండేది.

మౌలాలి కొత్త చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. చూరు కింద బుట్టలో ఎండిన బూరుగు కాయలు ఉంటాయి, ఆ బుట్ట దించుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. షెడ్డువాళ్ళు ఫోను చేస్తే తీయలేదు. నాలుగు రోజులు ఒక్కో గింజా ఏరాడు, దూది పొంగేదాకా బెత్తంతో కొట్టాడు. నేను టీ ఇస్తే తీసుకున్నాడు గానీ నా మొహం చూడలేదు. నేనూ వాడి మొహం చూడలేదు.

ఒక్కో దిండూ కుట్టి, గుడ్డ పరిచి, మధ్యాహ్నం తల పెట్టాడు. మొదటిది నిద్ర పట్టక విప్పాడు. మళ్ళీ కుట్టాడు. మూడో దిండు మీద మాత్రం గోడవైపు తిరిగి చాలాసేపు కదలకుండా పడుకున్నాడు. నిద్రపోయాడనే అనుకున్నాను.

వాడు లేచాక తాత వచ్చి గుడ్డ తీసి, దిండు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. ఒకవైపంతా తడి.

"ఎండలో పెట్టి పంపు," అన్నాడు తాత.